అడ్రస్‌తో సహా అడిగిన ప్రార్థన

ఏజెన్సీలో నేర్పనిది

దుబాయ్‌లో నైఫ్ అనే పేటలో నేనిప్పుడు ఉంటున్న గదిలో ఆరు మంచాలున్నాయి. అయిదింటి మీద కోనసీమ నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయిలు, ఆరో దాని మీద నేను. నా వీసా ఇంకో మూడు వారాలుంది. ఇళ్ళల్లో పని మానేసి రెండు నెలలైంది. ఈ పిల్లలు తీరిక దొరికితే చాలు నా మంచం దగ్గర చేరి, "ఇరవయ్యారేళ్ళు చేసేవంట కదా అక్కా, మాకూ రెండు ముక్కలు చెప్పు" అంటారు. ఓవెన్ కడగడం, చొక్కా కాలర్ ఇస్త్రీ చెయ్యడం, పాలరాయి మీద నిమ్మరసం పడకుండా చూసుకోవడం ఏజెన్సీవాళ్ళే నేర్పుతారు. నేను రాసేది వాళ్ళు నేర్పని పని గురించి. చదివాక నా మీద కోపం వచ్చినా ఫరవాలేదు.

మన పని ఇంకొకళ్ళ ఇంటి లోపల కళ్ళు తెరుచుకుని బతకడం. ఎవరు ఏం తిన్నారో, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో, ఎవరు ఏ మందు మింగుతున్నారో ఇంటి యజమాని కంటే ముందు మనకే తెలుస్తుంది. పక్క దులిపేది మనం, చెత్త పారేసేది మనం. మన దగ్గర దాచగలిగే మనిషి లేడు. ఇదో గొప్ప అని నేను చాలా ఏళ్ళు మురిసిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే భయం వేస్తుంది.

సమీరా

షార్జాలో నేను మొదట చేసిన పెద్ద ఇల్లు ఒక అరబ్బు కుటుంబానిది. మేము నలుగురం పనివాళ్ళం. మా మీద పెత్తనం సమీరా అనే ఈజిప్టు ఆవిడది. కోపం వస్తే పళ్ళెం గోడకేసి కొట్టేది, మళ్ళీ తనే ఊడ్చేది. నేను చూసిన యజమానులందరిలో, యజమాని కాని ఆ సమీరాయే గట్టి మనిషి.

ఒకరోజు మేము మామా అని పిలిచే ఇంటావిడ చెల్లెలు సూట్‌కేసులతో ఏడుస్తూ వచ్చింది. నేను ఊరుకోలేక పక్కింట్లో పనిచేసే మన తెలుగావిడకి గోడ మీంచి చెప్పాను. రెండు రోజుల్లో వీధి వీధంతా తెలిసిపోయింది. ఇంట్లో విచారణ జరిగింది. అనుమానం ఒక శ్రీలంక అమ్మాయి మీద పడింది. ఆ అమ్మాయిని ఇంటికి పంపించేశారు. నేను నోరు మెదపలేదు. ఆమె వెళ్ళిపోయిన రోజు బాత్రూములో కుళాయి తిప్పి ఏడ్చాను.

సమీరాకి అంతా తెలుసు. బట్టలు మడతపెడుతూ నా వైపు చూడకుండానే, "ఇక్కడ నీ కంటికి కనిపించేది ఏదీ నీది కాదు. చెడ్డకి కాదు, మంచికైనా సరే, గేటు దాటనివ్వకు. ఖలాస్" అంది. నేను తలూపాను. నేర్చేసుకున్నాననే అనుకున్నాను.

రెండు సింకుల ఇల్లు

2020 చివర్లో, కరోనా వల్ల నా పాత ఇంటివాళ్ళు దేశం వదిలి వెళ్ళిపోతే, ఏజెన్సీ అతను ఫోన్ చేశాడు. గొంతు తగ్గించి, "యహూదీ ఫ్యామిలీ. నీకేమైనా అభ్యంతరమా?" అని అడిగాడు. ఆ ఏడాదే ఈ దేశానికీ ఇశ్రాయేలుకీ రాజీ కుదిరింది. దాంతో యూదులు దుబాయ్‌లో బాహాటంగా ఇళ్ళు తీసుకోవడం మొదలుపెట్టారు. అభ్యంతరం మాట అటుంచండి, నాకు ఒళ్ళు పులకరించింది. నేను రాజోలు దగ్గర క్రైస్తవుల పేటలో పుట్టినదాన్ని. నా పేరు ఎస్తేరు. అబ్రాహాము సంతానం ఇంట్లో నేను కూర వండటమా అనుకుని ఆ రాత్రి మోకాళ్ళ మీద ఉండి కృతజ్ఞత చెప్పుకున్నాను.

వారం తిరిగేసరికి పులకరింత తగ్గింది. సార్ వ్యాపారం పని మీద ఎప్పుడూ విమానంలోనే ఉండేవారు, ఇంట్లో ఉంటే టీవీలో ఫుట్‌బాల్ చూస్తూ అరిచేవారు. మిరియం మేడం యూనివర్సిటీలో చరిత్ర పాఠాలు చెప్పేది, కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికేది. మేడం వాళ్ళమ్మకి ఎనభై దాటాయి. ఆవిడని నేను పెద్దమ్మగారు అనేదాన్ని. ముగ్గురూ ఇస్తాంబుల్ నుంచి వచ్చారు.

వంటింట్లో సింకులు రెండు. మాంసం, పాలు కలవకూడదని వాళ్ళ ఆచారం, అందుకని మాంసం గిన్నెలు ఒకదాంట్లో, పాల గిన్నెలు ఇంకోదాంట్లో. కత్తులు, గరిటెలు, తుడిచే గుడ్డలు కూడా వేరు. మేడం నాకు ఎలా అర్థమయ్యేలా చెప్పాలా అని తెగ కంగారుపడింది. నాకు అర్థం కాకపోవడమేంటి? మా అమ్మ మా ఊళ్ళో ఒక పెద్దింట్లో పాచిపని చేసేది. అక్కడ మడి గిన్నెల మీద మా నీడ పడితే మళ్ళీ తోముకునేవాళ్ళు. ఇక్కడ అన్నీ నా చేతికే ఇచ్చారు, ఏ గిన్నె ఏ వైపుదో గుర్తుంచుకుంటే చాలన్నారు. ఆ ఇంట్లో ఒక్కనాడూ పొరపాటు చెయ్యలేదు నేను. వంటింటి వరకు చెయ్యలేదు.

పెద్దమ్మగారు కూతురితో ఏదో పాత స్పానిష్ మాట్లాడేది. "అయిదు వందల ఏళ్ళ కిందట మమ్మల్ని తరిమేసిన దేశం భాష. దేశం వదిలాం గానీ భాష వదల్లేదు" అని చెప్పింది ఒకసారి. నా పేరు వినగానే ఆవిడ మొహం వెలిగింది. "ఎస్తేరు రాణి తన జాతేంటో రాజుగారికి కూడా చెప్పకుండా దాచింది. దాక్కుని బతికినవాళ్ళందరికీ ఆవిడంటే ఇష్టం" అంది. వాళ్ళ విశ్రాంతి దినం మొదలయ్యే శుక్రవారం సాయంత్రం కొవ్వొత్తులు వెలిగించే ముందు ఆవిడే వెళ్ళి కిటికీ తెర లాగేది. ఎవరికి భయపడి అని అడిగితే, "ఏమో, మా అమ్మ లాగేది" అనేది.

మేడం కాగితాలు

మేడం చదివే చదువు ఆ పాత రోజుల గురించే. కంప్యూటర్లో పోర్చుగల్, స్పెయిన్ దేశాల్లో చర్చివాళ్ళు జరిపిన పాత విచారణల కాగితాలు పెట్టుకుని రోజంతా కూర్చునేది. మధ్యలో లేచి టీ కోసం వంటింట్లోకి వచ్చినప్పుడల్లా నాకు ముక్కలు ముక్కలుగా చెప్పేది. నాకు తెలిసిన చరిత్ర అంతా ఆ వంటింటి గట్టు దగ్గర విన్నదే.

స్పెయిన్ రాజు, రాణి కలిసి ఒక ఆజ్ఞ వేశారట, బాప్తిస్మం తీసుకోండి లేదా దేశం వదలండి అని. చాలామంది పక్కనున్న పోర్చుగల్‌కి పోయారు. కొన్నేళ్ళకే అక్కడ పారిపోయే దారి కూడా లేకుండా అందరికీ బలవంతంగా బాప్తిస్మం ఇచ్చేశారు. అప్పటి నుంచి వీధిలో క్రైస్తవులు, ఇంట్లో యూదులు. ప్రార్థన మందిరం పోయింది, పుస్తకాలు పోయాయి, పాఠం చెప్పే గురువులు పోయారు. మిగిలింది ఆడవాళ్ళ చేతిలో ఉన్నదే. శుక్రవారం ఉతికిన దుప్పటి, గూట్లో దాచి పెట్టిన దీపం, శనివారానికని ముందురోజే వండి పెట్టుకున్న కూర, ఏడాదికోసారి ఉపవాసం. పిల్లలు బయట వాగేస్తారని పన్నెండేళ్ళు వచ్చేదాకా వాళ్ళెవరో వాళ్ళకే చెప్పేవారు కాదట. మతమంతా వంటింట్లో సర్దుకుంది. వంటింట్లో ఎవరుంటారు? మనలాంటి పనిమనిషి.

"మా వాళ్ళని పట్టించింది ఎక్కువగా పనిమనుషులే, ఎస్తేర్" అంది మేడం ఒకరోజు. నన్ను నొప్పించాలని అన్న మాట కాదు. ఉన్న మాట చెప్పింది.

తర్వాత్తర్వాత నన్ను సలహాలు అడగడం మొదలుపెట్టింది. "ఉపవాసం రోజు పనిమనిషిని ఏదో పని చెప్పి బయటికి పంపేసేవాళ్ళు. మరి తినలేదని ఆమెకెలా తెలుస్తుంది?"

"గిన్నెలు మేడం. తిరిగొచ్చాక తోమడానికి ఏమీ ఉండవు."

"వాళ్ళూ తెలివైనవాళ్ళే. పళ్ళేలకి జిడ్డు పూసి పెట్టేవాళ్ళు."

"జిడ్డు పూస్తారు సరే. చెత్తబుట్టలో ముళ్ళూ ఎముకలూ ఎక్కణ్ణుంచి తెస్తారు?"

మేడం కళ్ళజోడు తీసి నన్నే చూసింది. తర్వాత పకపకా నవ్వింది. "నువ్వు అప్పుడు పుట్టుంటే ఒక్కళ్ళం మిగిలేవాళ్ళం కాదు" అంది. నేనూ నవ్వాను.

ఒక పనిమనిషి సంగతి మాత్రం నన్ను పట్టుకుని వదల్లేదు. కాగితంలో ఆమె పేరు కూడా లేదట, ఇంటి పనిది అని రాశారట అంతే. ఆమెకి యజమానురాలంటే ప్రాణం. జ్వరం వస్తే తన పక్కన పడుకోబెట్టుకున్న మనిషి. అలాంటి యజమానురాలు నరకానికి పోతుందేమోనన్న దిగులుతో, ఆమె ఆత్మ రక్షణ కోసం ప్రార్థించమని ఫాదర్ గారిని అడిగింది. ఎందుకని ఆయన అడిగాడు. శనివారం పొయ్యి వెలగదని, పంది కొవ్వు ముట్టదని ఈమె చెప్పింది. ఆ యజమానురాలిని తీసుకుపోయారు.

"ఆమె కోపంతో చెప్పలేదు, ప్రేమతో చెప్పింది. కోపంతో చెప్పినవాళ్ళని నేను అర్థం చేసుకోగలను" అంది మేడం.

"ఎంత తెలివితక్కువది!" అన్నాను నేను. ఆ మాట నా నోటితోనే అన్నాను.

వీళ్ళ పూర్వీకులు మూడు తరాలు అలా దాక్కుని బతికి, ఆఖరికి ఓడెక్కి ఇస్తాంబుల్ చేరారట. కొందరు వెనిస్ పోయారు, అక్కడ పొద్దుపోతే వాళ్ళ పేట గేట్లకి తాళాలు వేసేవాళ్ళు. కొందరు ఆమ్‌స్టర్‌డామ్ పోయారు, అక్కడ బాహాటంగా ప్రార్థన చేసుకోనిచ్చారు. అలా బయటపడ్డవాళ్ళకి యూదులుగా ఎలా బతకాలో తెలియదు. గడ్డాలు నెరిసిన మగవాళ్ళు కూర్చుని అక్షరాలు దిద్దుకున్నారు, ఆడవాళ్ళు పాల గిన్నెలు, మాంసం గిన్నెలు కొత్తగా విడదీసుకున్నారు. అంతా నేర్చుకున్నారు గానీ వీధి తలుపు చప్పుడైతే ఉలిక్కిపడటం మానలేకపోయారట.

గుమ్మం మీద రెండు మేకుల గుర్తు

2023 అక్టోబరులో ఇశ్రాయేలు వైపు యుద్ధం మొదలైంది. ఏ పక్షం ఏమిటని రాయడానికి నేనెవర్ని? మా ఇంట్లో ఏం జరిగిందో రాస్తాను. గుమ్మం చట్రానికి వేలెడంత వెండి పెట్టె ఒకటి ఉండేది. లోపల ప్రార్థన రాసిన కాగితం ఉంటుంది. ఇంట్లోకి వచ్చేటప్పుడు దాన్ని తాకి వేళ్ళు ముద్దు పెట్టుకునేవాళ్ళు. ఒక పొద్దున మేడం స్క్రూడ్రైవర్ తెచ్చి తనే దాన్ని ఊడదీసింది. రెండు మేకుల బొక్కలు మిగిలాయి. నన్ను పిలిచి, "దీనికి తెల్ల రంగు ఏదైనా పూస్తావా?" అంది. పూశాను.

మేడం బయట టాక్సీలో ఉన్నప్పుడు తల్లి ఫోన్ చేస్తే తీసేది కాదు, ఆ భాష ఎవరైనా పోల్చుకుంటారేమోనని. పెద్దమ్మగారు తోటలోకి రావడం మానేసింది. ఎవరూ ఏమీ అనలేదు, ఎవరూ రాలేదు. దుబాయ్ ఎప్పటిలాగే ఉంది. కానీ ఆ ఇంట్లో మాత్రం అందరం గుసగుసగా మాట్లాడుకునేవాళ్ళం. ఆ ముసలావిడకి ఏమైనా అవుతుందేమోనన్న భయం నన్ను పట్టుకుంది. కూరలో ఉప్పు వేశానో లేదో కూడా గుర్తుండేది కాదు.

అప్పుడు నేను చేసింది చెప్తాను. మా తెలుగు క్రైస్తవ సహవాసానికి ప్రార్థన మనవుల కోసమని ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. మా గోదావరి వైపు చర్చిల్లో ప్రార్థన చీటీ రాస్తే మనిషి పేరు, ఊరి పేరు, ఇంటి గుర్తు అన్నీ రాస్తాం. దేవుడికి అడ్రస్ అక్కర్లేదు నిజమే, కానీ ప్రార్థించేవాళ్ళకి ఎవరి కోసమో తెలియకపోతే మనసు నిలవదని మా నమ్మకం. చిన్నప్పటి నుంచి చేతికి పట్టిన అలవాటు అది. నేను స్టోర్‌రూములో నిలబడి వాయిస్ మెసేజ్ పెట్టాను. దాని కిందే, అలవాటు ప్రకారం, వివరాలు టైపు చేశాను. మేడం పేరు, పెద్దమ్మగారి పేరు, కాలనీ, విల్లా నంబరు. దేవుని ప్రజలు, భయంలో ఉన్నారు, కాపుదల కోసం భారంగా ప్రార్థించండి అన్నాను.

పెట్టాక నా భయం తగ్గింది. ఇది కూడా రాయాలి. ఆ సాయంత్రం నేను హాయిగా అన్నం తిన్నాను.

మల్లేశం ఫోను

అయిదో రోజు చెత్త పారేయడానికి గేటు దగ్గరికి వెళ్ళాను. సెక్యూరిటీ మల్లేశం చేత్తో సైగ చేసి పక్కకి పిలిచాడు. జగిత్యాల వైపు మనిషి. నన్ను అక్కా అంటాడు. ఫోను తీసి నా మొహం ముందు పెట్టాడు.

"గిది నువ్వు పెట్టిందేనా అక్కా?"

నేను రాసిన వివరాలే. పైన ఎవరో జెండా బొమ్మ, మంటల బొమ్మలు అతికించారు. "అత్యవసర ప్రార్థన, పదిమందికి పంపండి" అని చేర్చారు.

"నీకెక్కడిది?"

"సోనాపూర్ లేబర్ క్యాంపుల ఉండే మా బామ్మర్ది పంపిండు. ఆనికి వాని రూమోడు పంపిండంట. ప్రార్థన గీర్థన మాకేం ఎర్క? కాలనీ పేరు జూసి, నువ్వు జేసేది గీడనే గదా బావా అని అడిగిండు." చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "అక్కా, గిది ఎవల చేతుల పడతదో ఎర్కనా? మంచోడు జూస్తే మొక్కుతడు. తిక్కోడు జూస్తే?"

అక్కడే అరుగు మీద కూలబడ్డాను. మెసేజ్ పెట్టి అయిదు రోజులైంది, అందరి ఫోన్లలోంచి చెరిపే గడువు దాటిపోయింది. గ్రూపులో ఉన్న నా స్నేహితురాలు సుజాతకి ఫోన్ చేశాను. సంతోషంగా ఎత్తింది.

"నీ మనవి మన గ్రూపులోవోళ్ళు షార్జావోళ్ళకి కూడా పంపేరంటక్కా. ముసఫ్ఫా క్యాంపులో అబ్బాయిలు వంతులేసుకుని గొలుసు ప్రార్థన పెట్టుకున్నారంట! ఇంటికాడ మా వదిన కూడా చూసిందంట."

"తీసేయమనవే సుజాతా. నీకు దండం పెడతాను, అందరికీ చెప్పి తీసేయించవే."

"అదేంటక్కా, ప్రార్థన తీసేయమంటావేంటి?"

ఆమెకి ఎలా చెప్పను? నాకే అప్పుడు తెలిసింది. ఇంట్లోకి వచ్చాను. మేడం తన కాగితాల ముందు కూర్చుని ఉంది. టీ పెట్టాలా మేడం అని అడిగాను. చెప్పలేదు. మూడు రోజులు చెప్పలేదు. ఆ మూడు రోజులూ కారు ఆగిన చప్పుడు వినిపిస్తే చాలు, చేతిలో పని వదిలేసి కిటికీ దగ్గరికి పరిగెత్తాను. పిల్లలూ, ఈ మూడు రోజులే నా పనిలో నేను చేసిన పెద్ద తప్పు. మెసేజ్ పెట్టడం తెలియనితనం, చెప్పకపోవడం పిరికితనం.

శుక్రవారం

ఆ శుక్రవారం సాయంత్రం వంటంతా అయిపోయింది. కొవ్వొత్తులు రెండూ బల్ల మీద నిలబెట్టాను. పెద్దమ్మగారు అగ్గిపెట్టె పట్టుకుని ఎండ దిగడం కోసం చూస్తోంది. అప్పుడు గంట మోగింది.

ఎవరూ వస్తామని చెప్పలేదు. పార్సిల్ వస్తే గేటు నుంచి ఫోన్ చేస్తారు, అదీ రాలేదు. మేడం ఒక్క క్షణం నన్ను చూసి, వాళ్ళమ్మ భుజం పట్టుకుని లేపి, బట్టలుతికే గదిలోకి తీసుకుపోయి లోపల గడియ వేసింది. గంట మళ్ళీ మోగింది. వంటింట్లో కత్తి కనిపించింది. తీసుకుందామా అనుకున్నాను, సిగ్గు లేకుండా చెప్తున్నాను. తీసుకోలేదు. తలుపు కొంచెం తెరిచాను.

తెల్ల చీర కట్టుకున్న ఒకావిడ, పక్కన ఆమె భర్త. చేతిలో చిన్న నూనె సీసా.

"ప్రైజ్ ద లార్డ్ అమ్మా! ఇశ్రాయేలీయుల ఇల్లు ఇదేనా అండి? షార్జా నుంచి వచ్చేం. అభిషేక తైలం గుమ్మానికి రాసి, రెండు నిమిషాలు ప్రార్థన చేసుకుని ఎల్లిపోతాం."

"గేటులో ఎవరు రానిచ్చారు?"

"మనవి పెట్టిన ఎస్తేరమ్మగారి చుట్టాలం అన్నామండి. మీరేనా?"

నేను బయటికి వచ్చి తలుపు వెనక్కి లాగాను. "అలాంటివాళ్ళు ఇక్కడ ఎవరూ లేరు. వెళ్ళండి."

ఆవిడ నా భుజం మీదుగా తలుపు సందులోంచి లోపలికి చూసింది. బల్ల, తెల్ల గుడ్డ, కొవ్వొత్తులు కనిపించాయి. కళ్ళనీళ్ళు పెట్టుకుని చేతులు జోడించింది. "అవిగో, శుక్రవారం దీపాలు!"

"కరెంటు పోతుందని పెట్టుకున్నాం" అన్నాను.

"దుబాయ్‌లో కరెంటు పోవడమేంటండీ?" అన్నాడు ఆయన, అమాయకంగా.

నేను ఏడుపు ఆపుకుంటూ వాళ్ళ కాళ్ళ మీద పడ్డంత పని చేశాను. ఆఖరికి బిక్కమొహం వేసుకుని వెళ్ళిపోయారు. మంచివాళ్ళు. అదే నా భయం. ఇంత మంచివాళ్ళు ఇంత సులువుగా గుమ్మం దాకా వచ్చేశారు.

బట్టల గది తలుపు తెరిపించేసరికి పెద్దమ్మగారు మాసిన బట్టల బుట్ట మీద కూర్చుని ఉంది, చేతిలో అగ్గిపెట్టె అలాగే ఉంది. "ఎవరు?" అంది మేడం.

"అడ్రస్ తప్పి వచ్చారు మేడం."

బయట ఎండ పూర్తిగా దిగిపోయింది. ఒకసారి పొద్దు గుంకాక వాళ్ళు అగ్గి ముట్టించకూడదు. పెద్దమ్మగారు బల్ల దగ్గరికి వచ్చి, వెలగని కొవ్వొత్తులు చూస్తూ నిలబడింది. "మా అమ్మమ్మల అమ్మమ్మలు భయపడి గూట్లో పెట్టి వెలిగించారు. మానలేదు. నేను మానేశాను" అంది. నేను ఆవిడ మొహం చూడలేకపోయాను.

చెప్పడం

మర్నాడు మధ్యాహ్నం పెద్దమ్మగారు పడుకున్నాక మేడం ముందు నిలబడి చెప్పేశాను.

మేడం అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "ఏం రాశావో చెప్పు. ఒక్క మాట కూడా వదలకు" అంది. శనివారం ఆవిడ ఫోను ముట్టదు కాబట్టి నా నోటితోనే చెప్పాల్సి వచ్చింది. ఇంగ్లీషులోకి మారుస్తూ, తడబడుతూ, పేర్లు, కాలనీ, నంబరు అన్నీ చెప్పాను. ఆవిడ కాగితాలు చదివేటప్పుడు ఎలా కూర్చుంటుందో అలాగే కూర్చుని వింది. "ఎందుకు?" అంది చివర్లో.

"మీరంటే ప్రేమతోనే, మేడం."

ఆ మాట అన్నాక నాకు ఆ పేరు లేని పనిమనిషి గుర్తొచ్చింది. మేడంకి కూడా గుర్తొచ్చిందని మొహం చూస్తే తెలిసింది.

ఆవిడ లేచి వెళ్ళి సొరుగులోంచి ఫోను తీసింది. మూడేళ్ళలో శనివారం ఆ ఫోను ఆవిడ చేతిలో చూడటం అదే మొదలు. ప్రాణం మీదికొస్తే ముట్టొచ్చట. ముందు సార్‌కి, తర్వాత ఇంకెవరో భద్రత చూసేవాళ్ళకి ఫోన్ చేసింది. అడ్రస్ బయటపడిందని చెప్పింది. ఎవరి వల్ల అని అవతలివాళ్ళు అడుగుతున్నారని నాకు అర్థమైంది. నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఈ దేశంలో ఫోనుతో చేసిన తప్పు చిన్న తప్పు కాదు, నాతోపాటు సుజాతా, ఆ షార్జా దంపతులూ అందరూ చిక్కుకుంటారు.

"పేరు నేను చెప్పను" అంది మేడం. మళ్ళీ అడిగారు. మళ్ళీ అదే అంది.

ఫోను పెట్టేశాక నా వైపు తిరిగి, "నేను ఇరవై ఏళ్ళుగా పేర్లు చెప్పినవాళ్ళ కాగితాలే చదువుతున్నాను. నా నోటితో ఇంకో పేరు ఆ జాబితాలో చేర్చను" అంది. "కానీ ఎస్తేర్, నిన్ను నేను క్షమించానో లేదో నాకింకా తెలియదు."

నేను తలూపాను. న్యాయమైన మాటే.

సర్దుడు

వారంలో ఇల్లు మారాలని, నన్ను వెంట తీసుకెళ్ళకూడదని తేల్చారు. సామాను మొత్తం నేనే సర్దాను. మాంసం గిన్నెలు కొన్ని పెట్టెల్లో, పాల గిన్నెలు వేరే పెట్టెల్లో. పెట్టెల మీద ఏమీ రాయొద్దంది మేడం, అందుకని ఏది ఏదో గుర్తుకి టేపు రంగులు మార్చాను. కొత్త ఇల్లు ఎక్కడో అడగలేదు. వాళ్ళు కూడా నా ముందు ఆ మాట ఎత్తేవాళ్ళు కాదు. వాళ్ళు మాట్లాడుకుంటుంటే నేను గదిలోకి వస్తే ఆపేసేవాళ్ళు. ఆ ఇంట్లో మూడేళ్ళు నాకు తెలియనిది ఏదీ లేదు. ఆ వారం మొత్తం పరాయిదాన్ని అయ్యాను. తగిన శిక్షే అనుకున్నాను గానీ, గిన్నెలకి కాగితం చుడుతూ ఏడుపు ఆపుకోలేకపోయాను.

చివరి రోజు లారీ వెళ్ళిపోయింది. పెద్దమ్మగారిని కారులో కూర్చోబెట్టాం. ఆవిడ నా చెయ్యి వదల్లేదు. వాళ్ళ భాషలో కూతురితో ఏదో అంది, పట్టుబట్టి మళ్ళీ అంది. మేడం బ్యాగులోంచి చిన్న కాగితం తీసి, కారు బానెట్ మీద పెట్టి రాయడం మొదలుపెట్టింది.

"అమ్మ నిన్ను చూడకుండా ఉండలేనంటోంది. నెలకోసారి రా. ఇదిగో, కొత్త అడ్రస్."

నాకు వెళ్ళాలని ఉంది. ఎంత ఉందో రాయలేను. ఆవిడ మోకాళ్ళకి నూనె ఎవరు రాస్తారు, మందుల డబ్బా ఎవరు చూస్తారు అని వారం నుంచి మనసు పీకుతూనే ఉంది. చెయ్యి చాపాను కూడా. కాగితం నా వేళ్ళకి తగిలింది. అప్పుడు భయం వేసింది. వాళ్ళని చూసి కాదు, బయట ఎవరినో చూసి కాదు. నన్ను చూసి నాకే భయం వేసింది. ఆవిడకి జ్వరం వచ్చిందని తెలిస్తే నేను ఊరుకోగలనా? ఎవరినీ ప్రార్థన అడగకుండా ఉండగలనా?

"వద్దు మేడం. నాకు చెప్పకండి" అన్నాను.

మేడం కాగితం మడిచి గుప్పిట్లో పెట్టుకుంది. నా భుజం మీద చెయ్యి వేసి, కారెక్కింది. పెద్దమ్మగారు అద్దం మీద అరచెయ్యి ఆనించి పెట్టింది. కారు గేటు దాటి ఏ వైపు తిరిగిందో కనిపించకుండా నేను ఇంటి వైపు తిరిగి నిలబడ్డాను.

తర్వాత రెండేళ్ళు ఇంకో ఇంట్లో చేశాను. పెద్దమ్మగారు ఇప్పుడు ఉందో లేదో నాకు తెలియదు. ప్రతి శుక్రవారం పొద్దుగూకే వేళ ఆవిడ కోసం ప్రార్థన చేస్తాను, నోరు విప్పకుండా, పేరు ఎత్తకుండా. ఏం చేస్తున్నావక్కా అని మంచాల మీంచి ఈ పిల్లలు అడుగుతారు. ఏమీ లేదంటాను.